పదివేలలో మూడు

వినోదిని దగ్గర పనిచేసే షాహీన్ ఆ కాగితం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టేసరికి ఉదయం పదకొండు దాటింది. అప్పటికే తొంభై కిలోమీటర్ల అవతల, ఎర్రగుట్ట సొరంగంలోని తీగ చుట్టలో నాలుగువేల ఆంపియర్ల కరెంటు తిరుగుతోంది.

"మేడం, ఒక్కసారి చూడుండ్రి. పోయిన వారం మీరు వద్దన్న లెక్కే. మళ్ళ చేసిన."

వినోదిని తల ఎత్తలేదు. ఎర్రగుట్ట నుంచి నిమిష నిమిషానికీ వస్తున్న అంకెలను తెర మీద చూస్తోంది. "ఇయ్యాల కాదు షాహీన్. రేపు చూద్దాం."

"రేపటికి అక్కడ పదివేలు దాటిస్తరు మేడం."

ఆ మాటలో ఏదో వినిపించి వినోదిని కాగితాన్ని దగ్గరికి లాక్కుంది.

ఆమె పని ఎలక్ట్రాన్ల గుంపు ఎలా నడుచుకుంటుందో కంప్యూటర్‌తో లెక్కగట్టడం. ఒక్క ఎలక్ట్రాన్ సంగతైతే డిగ్రీ చదివే పిల్లలైనా చెప్పగలరు. వందల ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ తప్పుకుంటూ తిరుగుతుంటే మాత్రం పెద్ద పెద్ద యంత్రాలు కూడా చేతులెత్తేస్తాయి. అవి వెళ్ళగల దారులన్నిటినీ కూడాలి. రెండు ఎలక్ట్రాన్లు చోట్లు మార్చుకున్నప్పుడల్లా ఆ దారి గుర్తు మారిపోతుంది. ప్లస్ మైనస్ అవుతుంది. చివరికి కొండంత ప్లస్‌లో నుంచి కొండంత మైనస్ తీసేయగా మిగిలే చిటికెడే జవాబు. రెండు బియ్యం లారీలను వేబ్రిడ్జి మీద తూచి, ఒకదానిలో అదనంగా పడ్డ గింజ బరువెంతో చెప్పమన్నట్టు ఉంటుంది.

ఆరేళ్ళ కిందట వినోదిని ఒక ఉపాయం కనిపెట్టింది. ప్రతి మైనస్ దారికీ దాన్ని సరిగ్గా కొట్టేసే ప్లస్ దారిని ముందే వెతికి, ఆ జంటను కూడికలోకి రాకుండానే పక్కన పెట్టేయడం. మిగిలేవన్నీ ప్లస్‌లే. హైదరాబాద్‌లోని ఆ చిన్న పరిశోధనాలయం పేరు ఆ ఒక్క ఉపాయంతో బయటి దేశాల్లో కూడా వినిపించింది. దాని సాయంతోనే ఒక పదార్థం బయటపడింది. రాగి, నికెల్ పొరలు పొరలుగా పేర్చిన నల్లటి పింగాణీ లాంటిది, ఎండలో పెడితే నీలంగా మెరుస్తుంది. అందరూ దాన్ని నీలం అనే పిలిచారు. మే నెల వేడిలో కూడా దానిలో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. పగటి ఎండతో తయారైన కరెంటును నింపుకొని సాయంత్రం ఊళ్ళకు పంచేందుకు ఎర్రగుట్ట కింద గుండ్రటి సొరంగం తవ్వి, నీలం తీగను చుట్టలుగా చుట్టారు. పన్నెండువేల ఆంపియర్ల దాకా దానికి ప్రమాదం లేదని రాసిచ్చిన ధ్రువపత్రం మీద వినోదిని సంతకం ఉంది.

ఆమె ఉపాయంలో జంట దొరకని దారులు కొన్ని ఉన్నాయి. లెక్కకు నమూనాగా తీసుకున్న నీలం పలకలో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చుట్టివచ్చే దారులవి. వాటిని వదిలేసినా ఏమీ కాదని ఆమె నిరూపించింది, చిన్న పలకల మీద.

"పన్నెండు వరసల పలకల ఆ దారులు లక్షకు మూడు ఉండె," అంది షాహీన్. "పలక పెద్దగ చేసి, కరెంటు పారుతున్నట్టు పెట్టి చూసిన. ఇప్పుడు పదివేలల మూడు. తగ్గాలె కదా మేడం. పెరుగుతున్నయి."

"పెరిగితే ఏమైతది?"

వినోదినికి జవాబు తెలుసు. అయినా షాహీన్ నోటితో వినాలనుకుంది.

"అవన్నీ మైనస్‌లే. వాటిని వదలకుండ కూడితే ఇంకో అమరిక కనవడుతుంది. ఎలక్ట్రాన్లు పారుడు ఆపి బారులు తీరి నిలవడతయి."

నీలం ఉన్నట్టుండి మామూలు పింగాణీ అయిపోతుంది. చుట్టలో ఉన్న శక్తి మొత్తం ఒక్క క్షణంలో వేడిగా మారుతుంది.

"ఎంత కరెంటు దగ్గర?"

"ఆరువేలు, ఏడువేల నడుమ."

"ఎంత నమ్మకం నీకు?"

షాహీన్ కాగితం చివరి అంకె మీద వేలు పెట్టింది. "నూటికి అరవై."

వారం కిందట ఇదే అనుమానంతో ఆమె వచ్చినప్పుడు, నలుగురి ముందు వినోదిని అన్న మాట ఇద్దరికీ గుర్తుంది. గాలివాటు అంకెలు పట్టుకొని టైం పాడు చేయకు అంది. షాహీన్ ఆ మాట ఎత్తలేదు. చేతులు కట్టుకొని నిలబడింది.

ఒంటి గంటకు చుట్ట ఆరువేల అయిదువందలకు చేరుతుంది. రెండింటి దాకా అక్కడే నిలుపుతారు. ఆ గంటలో ఆరుగురు మనుషులు సొరంగంలోకి వెళ్ళి, వేడిని పట్టే కెమెరాలతో తీగలోని డెబ్బై రెండు అతుకులనూ ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోతారు. ఆ ఆరుగురికీ పెద్ద వీరేశం. ఆ అతుకులన్నీ నాలుగేళ్ళు కష్టపడి చేయించిన ఇంజనీరు. వినోదిని భర్త.

ఆమె వీరేశానికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. అయస్కాంత క్షేత్రం వల్ల సొరంగానికి వెళ్ళేవాళ్ళ ఫోన్లన్నీ గేటు దగ్గర ఇనుప పెట్టెలో పెట్టించేస్తారు. అది తెలిసి కూడా రెండుసార్లు చేసింది.

తరవాత ఆమె, షాహీన్ కలిసి ఆ లెక్కను మొదటి నుంచి చివరిదాకా తిరగేశారు. ఎక్కడైనా తప్పు దొరికితే బాగుండునని ఇద్దరూ వెతికారు. దొరకలేదు. పన్నెండున్నరకు తెర మీద 6,000 అంకె పడింది.

డైరెక్టర్ అనంతశయనం గారు ఎర్రగుట్టలోనే, కంట్రోల్ రూములో ఉన్నారు. మూడో ప్రయత్నానికి దొరికారు.

"వినోదిని గారూ, ఇక్కడ సెక్రటేరియట్ నుంచి వచ్చినవాళ్ళు కూర్చుని ఉన్నారండీ. త్వరగా చెప్పండి."

ఆమె చెప్పింది. ఆయన అడ్డు రాకుండా విన్నారు. మంచి శాస్త్రవేత్త, వినడం తెలిసిన మనిషి.

"పూర్తి లెక్క ఉందా మీ దగ్గర?"

"లేదు సర్. మైనస్‌లన్నీ కలిపి చేయాలంటే మూడు వారాలు పడుతుంది. అప్పుడు కూడా తేలుతుందని చెప్పలేను."

"అంటే మీ ఆరేళ్ళ పద్ధతి తప్పని మీరే అంటున్నారు, ఆధారం లేకుండా. అవతల నాలుగువేలు, అయిదువేలు, ఆరువేలు... అన్నీ మీ పాత లెక్క ప్రకారం పొల్లు పోకుండా నడిచాయి. చుట్టలో ఒక్క డిగ్రీ వేడి పెరగలేదు. ఏమని ఆపమంటారు నన్ను?"

"మనుషుల్ని లోపలికి పంపకండి సర్. అది చాలు."

"అతుకులు చూడకుండా పైకి ఎలా వెళ్తామండీ? పరీక్ష పెట్టిందే అందుకు. సాయంత్రం కూర్చుని మాట్లాడదాం." ఫోన్ పెట్టేశారు.

సొరుగులన్నీ లాగి వెతికితే పాత డైరీలో సొరంగం గేటు దగ్గరి ల్యాండ్‌లైన్ ఫోన్ నంబరు దొరికింది. పన్నెండూ యాభై ఒకటికి ఎవరో ఎత్తారు.

"హలో, గేటు. భిక్షపతిని."

భిక్షపతి వీరేశం కింద పనిచేసే అతుకుల మేస్త్రీ. సొరంగం తవ్విన మొదటి రోజు నుంచీ అక్కడే ఉన్నాడు.

"భిక్షపతన్నా, నేను వినోదినిని. సార్ ఏడీ?"

"బూట్లు తొడుక్కుంటున్నడు మేడం. లోపలికి పోతున్నం."

"పోవద్దు. గేటు తీయకు. సార్‌కు ఫోన్ ఇయ్యి."

"డైరెక్టర్ సార్ పచ్చలైటు ఏసిండు గదా మేడం."

"ఏసినా సరే, నువ్వు తీయకు."

కాస్త గలగల, తరవాత వీరేశం గొంతు. "ఏమైంది?"

"లోపలికి పోకు. చుట్ట నిలవకపోవచ్చు, పేలొచ్చు."

"లెక్క మారిందా?"

"మారినట్టే ఉంది. పక్కా తెల్వదు. నూటికి అరవై."

వీరేశం గొంతు తగ్గించాడు. "ఆరుగురం తయారై నిలవడ్డం. పైన ఆఫీసర్లు అద్దంల నుంచి చూస్తున్నరు. తెల్వదంటే నేనేం జెప్పాలె వాళ్ళకు?"

"నా సంతకం వెనక్కి తీసుకున్న అని చెప్పు."

ధ్రువపత్రం ఇచ్చినవాళ్ళు దాన్ని వెనక్కి తీసుకుంటే పరీక్ష ఆ క్షణానే ఆగాలి. నిబంధనల్లో అలా ఉంది. ఎవరూ ఎప్పుడూ వాడింది లేదు. వాడితే ఆమె పేరూ తన పనీ ఏమవుతాయో వీరేశానికీ తెలుసు.

"నిజంగ తీసుకున్నవా?"

"నువ్వు గేటు దగ్గర్నే ఉండు. తీసుకుంటున్న."

ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకొని మూడు వాక్యాల మెయిల్ రాసింది. నీలం చుట్టకు నేనిచ్చిన ధ్రువపత్రాన్ని ఉపసంహరించుకుంటున్నాను. నా గణన పద్ధతిలో లోపం ఉందని భావిస్తున్నాను. పరీక్ష వెంటనే ఆపాలి. పంపే ముందు చెయ్యి ఆగింది. షాహీన్ పక్కనుంచి చూస్తోంది. వినోదిని కళ్ళు మూసుకుని మీట నొక్కింది.

చుట్టను ఒక్కసారిగా ఖాళీ చేయడం కుదరదు. మెల్లమెల్లగా దింపడానికి నాలుగు గంటలు పట్టింది. అయిదింటికి చుట్టలో సున్నా. ఒక్క అతుకూ వేడెక్కలేదు. ఏమీ జరగలేదు.

ఏమీ జరగకపోవడమే ఆ తరవాతి అయిదు నెలలూ ఆమె మెడకు చుట్టుకుంది.

కమిటీ వేశారు. మైనస్‌లన్నీ కలిపిన పూర్తి లెక్కను యంత్రం మీద మూడు వారాలు నడిపారు. చుట్ట తట్టుకునే హద్దు ఆరువేల మూడువందలు, తప్పు అటూ ఇటూ అయిదువేలు అని జవాబు వచ్చింది. కమిటీ పెద్దాయన దాన్ని పైకి చదివి, కళ్ళజోడు తీసి, "ఇది చెప్పడానికి కంప్యూటర్ ఎందుకమ్మా?" అన్నాడు. కొందరు నవ్వారు. ఆమె పద్ధతి మీద ఆధారపడి పనిచేస్తున్న బయటి బృందాలు ఒక్కొక్కటిగా ఉత్తరాలు రాశాయి, ఏది నమ్మాలో చెప్పమని. ఆమె ప్రతి ఉత్తరానికీ తెలియదనే రాసింది.

ఎర్రగుట్టలో పని ఆగిపోయింది. సొరంగం మనుషుల్ని ఊళ్ళకు పంపేశారు. వీరేశాన్ని హైదరాబాద్ స్టోర్‌లో సామాను సరిచూసే పనిలో వేశారు. నాలుగేళ్ళపాటు మూసల్లో నీలం పొడి నింపి, కొలిమిలో కాల్చి, ఒక్కో అతుకునూ చేత్తో తడిమి చూసుకున్న మనిషి ఇప్పుడు బోల్టుల డబ్బాల మీద అంటించిన కాగితాలు చదువుతున్నాడు. ఇంట్లో కోపం చూపించలేదు. అన్నం తిన్నాక తన ప్లేటుతో పాటు ఆమె ప్లేటు కూడా కడిగేవాడు. మాటలే తగ్గిపోయాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం బాల్కనీలో కూలర్ విప్పి, తుప్పు పట్టిన పంపును గీకుతూ, తల ఎత్తకుండా అడిగాడు.

"ఒకటడుగుత, నిజం జెప్పు. ఆ దినం లోపలికి పోయేది నేను కాకుండ ఇంకెవరన్న ఉంటే, నూటికి అరవై అని ఆపేదానివా?"

తడి బట్టలు ఆరేస్తున్న వినోదిని చేతిలోని చొక్కా అలాగే పట్టుకొని నిలబడిపోయింది. ఇన్నాళ్ళుగా ఆ ప్రశ్న తన లోపలే తిరుగుతోంది.

"తెల్వదు," అంది.

అతను తల ఊపాడు. ఆ జవాబు తప్పని అనలేదు.

"ఇంకోటి గూడ ఉంది," అంది ఆమె. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేనని అనిపించింది. "షాహీన్ వారం ముందే వచ్చి చెప్పింది. నేనే వినలేదు. గాలివాటు అంకెలని అందరి ముందట తిట్టిన."

గీకుతున్న చప్పుడు ఆగింది. "కమిటీకి జెప్పినవా?"

"లేదు."

"షాహీన్ చెప్పిందా?"

"ఆమె చెప్పదు."

వీరేశం పంపును అటూ ఇటూ తిప్పి చూశాడు. తరవాత మళ్ళీ గీకడం మొదలుపెట్టాడు.

చివరికి అనంతశయనం గారే దారి చూపించారు. చుట్టను అలాగే వదిలేయడం ఆయనకూ ఇష్టం లేదు. మనిషన్నవాడు లేకుండా, రెండు కిలోమీటర్ల దూరం నుంచి నింపి చూద్దామన్నారు. భిక్షపతిని రెండు రోజుల పనికి పిలిపించారు. అతను సొరంగంలో కెమెరాలు బిగించి, గేట్లు మూసి, ముందురోజు సాయంత్రమే ఊరికి బస్సెక్కాడు.

పరీక్ష రోజు రేకుల షెడ్డులో నలుగురే ఉన్నారు. డైరెక్టర్, వినోదిని, షాహీన్, వీరేశం. ఎదురుగా మైదానం, దాని అవతల ఎర్రగుట్ట. గాలి లేదు.

వినోదిని అడిగింది ఒకటే. "అప్పటి కార్యక్రమమే మళ్ళీ నడపండి సర్. ఆరువేల అయిదువందల దగ్గర గంట ఆపండి. ఈ మార్పు అంకె దాటగానే వచ్చేది కాదు. పాలు తోడుకున్నట్టు, ఎక్కడో ఒకచోట మొదలు కావాలి. దానికి టైం కావాలి."

"గంటలో ఏమీ కాకపోతే?"

"పదివేలకు తీసుకెళ్ళండి. నేను రాజీనామా రాసి తెచ్చుకున్నాను."

ఒంటి గంటకు చుట్టలో 6,500. తెర మీద నీలం తీగ రెండు కొసల మధ్య వోల్టేజి చూపే ఆకుపచ్చ గీత అడుగున చదునుగా పడుకొని ఉంది. సున్నా. అడ్డంకి లేదని అర్థం.

పది నిమిషాలు. ఇరవై. వీరేశం గడియారం వైపు చూడటం లేదు, కెమెరా తెరలను చూస్తున్నాడు. తన అతుకులు ఒక్కొక్కటిగా తెరల మీదికి వచ్చిపోతున్నాయి, నల్లగా, నునుపుగా, ఏ మచ్చా లేకుండా. అతని ముఖంలో అయిదు నెలల తరవాత వెలుగు కనిపించింది. ఆ అతుకులు నిలబడాలని అతని ప్రాణం కొట్టుకుంటోంది.

ముప్పై అయిదో నిమిషంలో వినోదినికి తన మనసు తనకే తెలిసివచ్చింది. పేలాలని కోరుకుంటోంది. భర్త నాలుగేళ్ళ కష్టం, గుట్ట కింద వందల మంది పని, ఊళ్ళకు రావలసిన వెలుతురు... అంతా బూడిదైపోవాలి, తన మాట నిజం కావాలి. లేచి షెడ్డు గుమ్మం దాకా వెళ్ళింది. ఉండిపో, నిలబడు, నేనే తప్పని తేలనీ అని గుట్ట వైపు చూసి మనసులో అనుకుంది. అనుకున్నదే కాని, అది నిజమైన కోరికో కాదో ఆమెకే నమ్మకం కలగలేదు.

నలభై నిమిషాలు. డైరెక్టర్ గొంతు సవరించుకున్నారు. "ఇంకో ఇరవై నిమిషాలేగా," అన్నారు, ఓదార్పుగా. తన పక్షాన తేలిపోయిందని ఆయనకు అనిపించినట్టుంది.

నలభై ఎనిమిదో నిమిషంలో ఆకుపచ్చ గీత నిటారుగా లేచింది.

షాహీన్ కుర్చీలో నుంచి సగం లేచింది. గీత పైకొసను తాకేలోపే కెమెరా తెరలన్నీ ఒకేసారి నల్లబడ్డాయి. తరవాత కాళ్ళ కింది నేల అదిరింది. ఆ తరవాత, ఊపిరి రెండు మూడుసార్లు తీసేంత ఆలస్యంగా, చప్పుడు వచ్చింది. షెడ్డు రేకులు గడగడలాడాయి. గుట్ట పక్కనుంచి ఎర్రటి దుమ్ము ఒక గోడలా పైకి లేచి, గాలి లేక అక్కడే నిలబడిపోయింది.

అనంతశయనం గారు కళ్ళజోడు తీసి, తుడుచుకోవడం మరిచిపోయి, చేతిలో పట్టుకొని కూర్చున్నారు.

"ఆ రోజు పచ్చలైటు వేసింది నేను," అన్నారు చివరికి.

వినోదినికి గెలిచినట్టు అనిపించలేదు.

"సర్, రిపోర్టులో మొదటి వాక్యం నేను చెప్తాను. షాహీన్ ఈ లోపాన్ని వారం ముందే పట్టుకుంది. నేను వినలేదు. ఆమె రెండోసారి రాకపోయి ఉంటే ఆరుగురూ లోపల ఉండేవాళ్ళు. అలాగే రాయండి."

షాహీన్ ముఖం తిప్పుకుంది. వినోదిని ఆమె దగ్గరికి వెళ్ళి, పక్కన నిలబడింది. కాసేపటికి షాహీనే ఆమె చెయ్యి పట్టుకుంది.

వీరేశం బయటికి వెళ్ళిపోయాడు. వినోదిని వెనకే వెళ్ళింది. అతను దుమ్ము గోడను చూస్తూ వేళ్ళతో ఏదో లెక్క వేస్తున్నాడు.

"నలభై ఎనిమిది నిమిషాలు," అన్నాడు. "అతుకుకు యాభై సెకండ్లు. యాభై ఎనిమిదో అతుకు కాడ ఉంటుంటిమి. గేటుకు అందనంత లోపల."

అతను జేబులో నుంచి ఫోన్ తీసి ఒక నంబరు నొక్కాడు. స్పీకర్‌లో పెట్టాడు.

"సార్, నమస్తే. అయిపోయిందా పరీక్ష?" భిక్షపతి గొంతు, ఆయాసంతో.

"అయిపోయింది. ఏం జేస్తున్నవ్?"

"చిన్నదానికి సైకిల్ నేర్పుతున్న సార్. పట్టుకుంటే తిడుతది, ఇడిస్తే పడుతది. అతుకులు మంచిగున్నయా సార్?"

వీరేశం నోరు తెరిచాడు. పెదవులు బిగబట్టి ఫోన్‌ను వినోదిని చేతిలో పెట్టి, అటు తిరిగి నిలబడ్డాడు.

"సార్? ఇనవడుతుందా?"

ఫోన్‌లో చైన్ గరగర, మట్టి మీద చెప్పుల పరుగు. దూరంగా ఆడపిల్ల గొంతు, భయమూ సంతోషమూ కలగలిసి. "నాయినా, ఇడిసినవా? ఇడిసినవా?"

"ఇనవడుతుంది భిక్షపతన్నా," అంది వినోదిని. "నువ్వు నేర్పు. మెల్లగ చెప్త, ఇప్పుడేం తొందర లేదు. ఫోన్ మటుకు పెట్టకు."